గౌన్లత్త చూసే బెల్లు

“నీ బెల్లుకి నేనంటే ఏమైనా కోపమా అమ్మాయ్? నువ్వున్నంతసేపూ బుద్ధిగా పనిచేస్తుంది. నువ్వు స్కూటరెక్కి సందు మలుపు తిరిగావో లేదో, మూతి ముడుచుకుని కూర్చుంటుంది. నిన్న కోటు కుట్టమన్న నర్సమ్మ వచ్చి వెళ్ళిపోయిందట. మొన్న కూడా వచ్చి వెళ్ళిపోయిందట. ఎదురింటి తాత కాగితం మీద రాసి చూపించాడు. పైగా నవ్వుతూ రాశాడు. ఆ నవ్వు కూడా రాశాడు, హహహ అని!”

కుట్టు మిషను ముందు కూర్చున్న గౌన్లత్త ఈ మాటలు చెప్పలేదు, అరిచింది. కోపంతో కాదు. తన గొంతు తనకు వినబడక చాలా ఏళ్ళయింది కనుక ఆమె ఏది చెప్పినా వీధి చివరి దాకా వెళ్ళేలాగే చెబుతుంది. ఆమె వంటింట్లో ‘అయ్యో, ఉప్పు నిండుకుందే’ అని తనలో తాను అనుకుంటే మూల కొట్టువాడు పొట్లం కట్టి సిద్ధంగా ఉంచుతాడని ఆ వీధిలో ఒక వేళాకోళం.

గుమ్మం పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న నిచ్చెనమ్మ నవ్వలేదు. ఒళ్ళో ఫోను పెట్టుకుని బెల్లు ఎప్పుడెప్పుడు పలికిందో, ఎప్పుడెప్పుడు పలకలేదో చూసుకుంటోంది. సోమవారం ఈ ఇంటికి రెండు కెమెరాలు, ఒక బెల్లు బిగించింది. ఇవాళ గురువారం. ఈ నాలుగు రోజుల్లో ఆమె ఇక్కడికి రావడం ఇది మూడోసారి. నిన్నయితే విసుగెత్తి బెల్లే మార్చేసింది. కొత్త బెల్లు కూడా పాతదాని బుద్ధే నేర్చుకుంది.

మడత నిచ్చెనను స్కూటరుకు కట్టుకుని ఊరంతా తిరుగుతుంది కనుక ఆమెకా పేరు. ఈ పని ఆమెకు ఏ బడీ నేర్పలేదు. మొగుడు ఇళ్ళ కప్పుల మీద డిష్‌లు బిగించేవాడు. ఆమె కింద నిచ్చెన పట్టుకునేది. పట్టుకుని ఊరుకోకుండా మెడ వెనక్కి వాల్చి, ‘ఆ ఎర్ర వైరు అక్కడికెందుకు? ఆ నల్లది పీకితే ఏమవుతుంది?’ అని అతని ప్రాణం తోడేసేది. ఒక ఏడాది అతనికి ఎత్తులెక్కితే కళ్ళు తిరిగే జబ్బు పట్టుకుంది. గోడకు ఊరికే చేరబడి ఉన్న నిచ్చెనను నెల రోజులు చూసింది. తర్వాత చెంగు బిగించి తనే ఎక్కేసింది. అప్పటి నుంచీ ఆమె పైన, అతను కింద. అతను ఆమెను ‘మేస్త్రీగారూ’ అంటాడు. అందులో సగం ఎగతాళి, సగం గౌరవం. ఏ సగం ఎప్పుడు బయటికి వస్తుందో అతనికే తెలియదు.

ఇప్పుడతను గుమ్మం బయట నిలబడి బెల్లు నొక్కుతున్నాడు. నొక్కినప్పుడల్లా మిషను పైన వేలాడుతున్న బల్బు తెల్లరంగు మానేసి నారింజ రంగులోకి మారి, మూడుసార్లు మిణికి, మళ్ళీ తెల్లబడుతోంది. మిషను బల్ల మీద నిలబెట్టిన ఫోనులో అతని మొహం గుమ్మడికాయంత కనబడుతోంది.

“చూశావా? ఎంత చక్కగా పలుకుతోందో! ఆ మొహం చూస్తే దానిక్కూడా భయం కాబోలు,” అంది గౌన్లత్త.

“వినబడింది!” అన్నాడతను బయటి నుంచి.

ఈ బెల్లు వెనక ఒక పంతం ఉంది. మూడు వారాల కిందట గౌన్లత్త చెల్లెలు వచ్చింది. జోరున వాన. పాత బెల్లు నొక్కింది, తలుపు బాదింది, కిటికీ బాదింది. అరగంట తడిసింది. లోపల అక్క ఏ మూలో పడిపోయిందని గుండె జారిపోయి, ఎదురింటి తాతను వెనక గోడ ఎక్కించింది. గోడ దూకి వచ్చిన తాతకు కనబడిందేమిటంటే, గౌన్లత్త తల వంచుకుని హాయిగా ఒక చొక్కాకు జేబు కుడుతోంది. చెల్లెలు ఏడ్చింది. తర్వాత తిట్టింది. ఆ తర్వాత ఇంటికి వెళ్ళి తన ఇంట్లో ఒక గది ఖాళీ చేసి, ‘ఇక కుట్టింది చాలు, మిషను ఎవరికైనా ఇచ్చేసి నా దగ్గరికి వచ్చెయ్’ అని మెసేజి పెట్టింది.

గౌన్లత్త గడువు అడిగింది. కొత్త బెల్లు పెట్టిస్తాననీ, ఆదివారం పది గంటలకు వచ్చి ఆ బెల్లు కొట్టి చూడమనీ, ఒక్క నిమిషంలో తలుపు తీస్తే తాను ఇక్కడే ఉంటాననీ, తీయకపోతే నోరెత్తకుండా వచ్చేస్తాననీ రాసింది. చెల్లెలి జవాబు ఒకే ముక్క: ‘లారీతోనే వస్తాను.’

ఆ ముక్కను గౌన్లత్త నిచ్చెనమ్మకు చూపించినప్పుడు నవ్వబోయింది గానీ నవ్వు పెదవి దాటలేదు.

ఆమెతో మాట్లాడాలంటే ఒక పద్ధతి ఉంది. గుడ్డ మీద గీతలు గీసే సుద్దబిళ్ళ తీసుకుని కత్తిరింపు బల్ల అంచున రాయాలి. ఆమె చదివి, అరచేత్తో తుడిచేసి, నోటితో జవాబు చెబుతుంది. చెవిలో పెట్టుకునే మిషను కొనుక్కుంది గానీ అది సొరుగులోనే ఉంటుంది. “పెట్టుకుంటే ఈ మిషను చప్పుడు పదింతలై వినబడుతుంది తప్ప మనిషి మాట వినబడదు. రెండు మిషన్లకీ పడలేదమ్మా, సవతుల్లాగా. అన్నం పెట్టేదాన్ని ఉంచుకున్నాను,” అంటుంది.

నిచ్చెనమ్మ లేచి బల్ల అంచున రాసింది. ‘నేను లేనప్పుడు ఏ స్విచ్చైనా ఆపుతున్నావా?’

గౌన్లత్త చదివి చేయి గుండెల మీద పెట్టుకుంది. “నేనా! నువ్వు బల్బు స్విచ్చి మీద టేపు అంటించి పోయావు కదా, దాని మీద దుమ్ము కూడా దులపడం లేదు. పడుకునేటప్పుడూ ఆపడం లేదు. ఆ బల్బు కిందే మొహం మీద గుడ్డ కప్పుకుని పడుకుంటున్నా. ఇంకా ఏం చెయ్యమంటావు చెప్పు?”

నిచ్చెనమ్మ తల గోక్కుంది. ఫోనులో ఉన్న లెక్క విచిత్రంగా ఉంది. బుధవారం ఉదయం పది దాటాక పావుగంట బెల్లు చచ్చిపోయింది. మళ్ళీ బతికింది. పదకొండున్నరకు అరగంట చచ్చిపోయింది. సాయంత్రం నాలుగుసార్లు చచ్చి బతికింది. కరెంటు పోయిందా అంటే వీధి వైపు కెమెరా, పెరటి కెమెరా రెండూ కన్నార్పకుండా చూస్తూనే ఉన్నాయి. వాటికి కరెంటు వంటింటి బోర్డు నుంచి వెళుతోంది. ఇంటర్నెట్ పోయిందా అంటే ఆ డబ్బా ఫ్రిజ్ మీద పచ్చలైట్లు వేసుకుని కూర్చుంది. సిగ్నలు అందడం లేదా అంటే మధ్యలో ఉన్నది ఒక్క గోడ. ఈ బెల్లులో బ్యాటరీ లేదు. కరెంటు అందినంతసేపే దానికి ఊపిరి. ఒకసారి ఆగితే మళ్ళీ కళ్ళు తెరవడానికి నిమిషం పైనే పడుతుంది.

“ఎండకి వేడెక్కి ఆగిపోతుందేమో మేస్త్రీగారూ?” అన్నాడు మొగుడు లోపలికి తొంగి చూసి.

“సాయంత్రం ఎండెక్కడిది?”

“అయితే మనం వస్తే భయపడి పనిచేస్తోంది. డాక్టరుని చూడగానే దగ్గు ఆగిపోయినట్టు.”

అతను వేళాకోళానికే అన్నాడు గానీ ఆ మాట నిచ్చెనమ్మకు తగలవలసిన చోట తగిలింది. తాము వచ్చినప్పుడు ఈ ఇంట్లో ఏదో మారుతోంది. ఏమిటది? వచ్చిన ప్రతిసారీ గౌన్లత్త మిషను ముందు నుంచి కదలదు. పెడలు మీంచి కాలు తీయకుండానే మెడ వాళ్ళ వైపు తిప్పుకుని కబుర్లు చెబుతుంది. వాళ్ళు వెళ్ళాక ఏం చేస్తుంది?

సుద్ద తీసుకుని రాసింది. ‘అత్తా, ఇవాళ నేను లేననుకో. నీ పని నువ్వు చేసుకో. నేను ఊరికే కూర్చుంటా.’

“ఊరికే ఎందుకు కూర్చుంటావు? అదిగో ఆ డబ్బాలో గుండీలున్నాయి, రంగుల వారీగా ఏరు,” అంది గౌన్లత్త వెంటనే.

నిచ్చెనమ్మ గుండీలు ఏరుతూ కూర్చుంది. మొగుడిని బయట అరుగు మీద కూర్చోమని సైగ చేసింది. పాడైన వస్తువును ముందుగా విప్పకూడదనీ, దాని పక్కన కాసేపు కూర్చుంటే అదే ఏదో ఒకటి చెబుతుందనీ ఆమె నమ్మకం. మనుషుల విషయంలోనూ ఆమెది ఇదే పద్ధతి.

మిషను మొదలైంది. దాంతో పాటు గౌన్లత్త నోరూ మొదలైంది. వినేవాళ్ళు ఏం జవాబిస్తున్నారో ఆమెకు తెలియదు కనుక ఆ కథకు అడ్డు ఉండదు.

“అమ్మ పోయేసరికి నాకు పదహారు, చెల్లికి ఐదు. బట్టల ఫ్యాక్టరీలో చేరాను. పెద్ద హాలు. రెండు వందల మిషన్లు ఒక్కసారి మోగితే గోడలు కూడా వణికేవి. నాకిచ్చిన పనేంటో తెలుసా? చొక్కాకి ఎడమ చెయ్యి. అంతే! పదకొండేళ్ళు ఎడమ చేతులే కుట్టాను అమ్మాయ్. కుడి చేతులు అవతలి వరస వాళ్ళవి. కాలరు ఇంకెవరిదో. నేను కుట్టిన చొక్కా పూర్తిగా ఎలా ఉంటుందో ఒక్కటీ చూడలేదు. వీధిలో ఎవరైనా చొక్కా వేసుకుని పోతుంటే ఎడమ భుజం కేసి చూసేదాన్ని, ఇది నాదేనా అని. ఒకాయన నేను తన కేసే చూస్తున్నానని మురిసిపోయి నాలుగు రోజులు వెంటపడ్డాడు పాపం! నేను చూసింది అతని కుట్టు.”

నిచ్చెనమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు గౌన్లత్త వినలేదు గానీ కదిలిన భుజాలు చూసి సంతోషించింది.

“ఒక రోజు చెల్లి బడిలో ఆటకి తెల్ల గౌను కావాలంది. మిగిలిన ముక్కలు తెచ్చి, ఇంట్లో సూది దారంతో కుట్టాను. రెండు చేతులూ నేనే, మెడా నేనే, కుచ్చిళ్ళూ నేనే. అది వేసుకుని గిర్రున తిరిగింది చూడూ... మొత్తం గౌను! ముందు, వెనక, పక్కలు, అన్నీ నావే. ఆ రోజు అనుకున్నా, ఎప్పటికైనా పూర్తి బట్టలే కుట్టాలి, ముక్కలు కాదు అని. అలా ఈ ముందు గదిలో పెట్టాను ఈ మిషను. పిల్లలు గౌన్లత్తా, గౌన్లత్తా అని మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు పిలుస్తున్నారు. పిలుస్తున్నారట! నాకు వినబడదనుకో, పెదవులు అలా కదులుతాయి.”

ఆమె ఒక పొడుగు కుట్టు పూర్తి చేసి దారం తెంపింది. గొంతు కాస్త తగ్గింది. ఆమెకు తగ్గడమంటే పక్కింటి దాకా వినబడటం.

“చెల్లిని పెంచింది ఈ మిషనే. ఇప్పుడు చూడు, నేను పెంచిన పిల్ల నన్ను పెంచుతానంటోంది. మంచిదే అది. వాళ్ళాయన కూడా మంచోడు. గది చూశాను, పెద్ద కిటికీ ఉంది. కానీ ఆ గదిలో పొద్దున్న లేచి నేనేం చెయ్యాలి అమ్మాయ్? టీ తాగి, మళ్ళీ టీ ఎప్పుడిస్తారా అని కూర్చోవాలి.”

నిచ్చెనమ్మ చేతిలో గుండీ అలాగే ఉండిపోయింది.

“ఫ్యాక్టరీలో నా పక్క పిల్ల ఒకతి ఉండేది. నాకన్నా చిన్నది. ఒకసారి దారం తెగిందని వంగి, సూదిలో ఎక్కిస్తూ, మరిచిపోయి కాలు పెడలు మీద వేసింది. సూది వేలిలోంచి దిగబడి అవతలికి వచ్చింది. ఆ కేక నేను విన్న కేకల్లోకెల్లా... అప్పుడు బాగానే వినబడేది నాకు. మా మాస్టరమ్మ పెద్ద రాక్షసి. ఆ రోజు నుంచి పొద్దున్నా సాయంత్రం హాలంతా తిరుగుతూ ఒకటే అరుపు. ‘కాలు తీస్తే కరెంటు తియ్యి! కాలు తీస్తే కరెంటు తియ్యి!’ తియ్యకపోతే స్కేలుతో మోచేతి మీద ఒకటి. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో మోగుతూనే ఉంటుంది. ఇంకేం మోగదనుకో, అదొక్కటీ మోగుతుంది.”

అంటూ లేచి కత్తిరింపు బల్ల వైపు నడిచింది. అక్కడ నర్సమ్మ కోటు కోసం తెచ్చిన తెల్లగుడ్డ పరిచి ఉంది.

టిక్.

చిన్న చప్పుడు. నిచ్చెనమ్మ తలెత్తింది. గౌన్లత్త అప్పటికే బల్ల దగ్గర కత్తెర తీసుకుంది. నిచ్చెనమ్మ ఫోను చూసింది. రెండు కెమెరాలూ ఉన్నాయి. బెల్లు లేదు.

మోకాళ్ళ మీద పాకుతూ మిషను బల్ల కిందికి వెళ్ళింది. బల్ల కాలికి బిగించిన నాలుగు రంధ్రాల ఎక్స్‌టెన్షన్ పెట్టె ఉంది. దానికి ఒకటే స్విచ్చి. ఒక రంధ్రంలో మిషను ప్లగ్గు. పక్క రంధ్రంలో, సోమవారం తన చేతులతో తనే గుచ్చిన బెల్లు ప్లగ్గు. గుమ్మానికి దగ్గర కదా, గోడకు రంధ్రం చెయ్యక్కర్లేదు కదా అని ఎంతో తెలివిగా అక్కడ పెట్టింది. స్విచ్చి ఇప్పుడు కిందికి వాలి ఉంది.

నిచ్చెనమ్మ అక్కడే, బల్ల కిందే, నెత్తి మీద చేయి పెట్టుకుని కూర్చుంది. మిషను నడిచినంతసేపే బెల్లుకు ప్రాణం. గుడ్డ కత్తిరించడానికో, ఇస్త్రీకో, అన్నానికో ఆమె లేచిన ప్రతిసారీ బెల్లు గుటుక్కుమంటోంది.

బయటికి వచ్చి బల్ల అంచున రాసింది. ‘ఇప్పుడు మిషను స్విచ్చి ఆపావు.’

“లేదే!” అంది గౌన్లత్త.

‘ఆపావు.’

“నేనెందుకు ఆపుతాను? లేచాను, ఇటు వచ్చాను, అంతే.”

నిచ్చెనమ్మ మొగుడిని లోపలికి పిలిచింది. గౌన్లత్తను మళ్ళీ మిషను ముందు కూర్చోబెట్టి, ఒక ముక్క కుట్టి లేవమంది. అతను ఫోనులో వీడియో తీశాడు. తర్వాత ముగ్గురూ తలలు దగ్గర పెట్టి చూశారు. పాదం పెడలు మీంచి లేచింది. అదే క్షణంలో కుడి చెయ్యి, ఎవరూ చెప్పకుండా, కళ్ళు అటు తిరగకుండా, పెంపుడు పిల్లి తన గిన్నె దగ్గరికి వెళ్ళినంత మామూలుగా బల్ల కిందికి వెళ్ళి, స్విచ్చి నొక్కి, తిరిగి వచ్చింది.

“ఎవరిదా చెయ్యి?” అంది గౌన్లత్త.

“మీదే అత్తా,” అన్నాడతను. అని, వినబడదని గుర్తొచ్చి ఫోనులోని వేలికీ, ఆమె వేలికీ ఉన్న అంగుస్తానాను, సూది గుచ్చుకోకుండా పెట్టుకునే ఆ తొడుగును చూపించాడు.

గౌన్లత్త మళ్ళీ చూసింది. మూడోసారి కూడా చూసింది. తర్వాత కుర్చీలో కూలబడింది. ఆమె గొంతు మొదటిసారి నిజంగా చిన్నదైంది.

“అయితే మా చెల్లి అన్నదే నిజం. నా చెయ్యి ఏం చేస్తోందో నాకే తెలియడం లేదు. చెవులు పోయాయనుకున్నా. బుర్ర కూడా పోయిందన్నమాట. లారీ రానీలే.”

 నిచ్చెనమ్మ సుద్ద తీసుకుంది గానీ రాయలేదు. కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. పది వేళ్ళు. సూది దిగిన మచ్చ ఒక్కటి లేదు. ఆ వేళ్ళను ఒక్కొక్కటీ పట్టుకుని ఆమె కళ్ళ ముందు లెక్కపెట్టింది. తర్వాత లేచి బల్ల నిండా పెద్ద అక్షరాలతో రాసింది.

‘బుర్ర పోలేదు. నలభై ఏళ్ళుగా నీ వేళ్ళని ఆ చెయ్యే కాపాడింది. తప్పు నాది. నీ అలవాటు తెలుసుకోకుండా దాని మీద నా బెల్లు తగిలించాను.’

గౌన్లత్త చదివింది. తుడవలేదు.

“పోనీ ఇక నుంచి ఆపకుండా చూసుకుంటా. ఈ చేతిని కొంగుకి కట్టేసుకుంటా,” అంది.

నిచ్చెనమ్మ తల గట్టిగా అడ్డంగా ఊపి, కింద ఇంకో వరస రాసింది. ‘నీ చేతి జోలికి వెళ్ళొద్దు. చోటు మారాల్సింది నా వైరు.’

“అబ్బో, మేస్త్రీగారు తప్పు ఒప్పుకున్నారు! ఈ బల్ల ఫొటో తీసి ఇంట్లో గోడకి తగిలించుకుంటా,” అన్నాడు మొగుడు.

“ముందు నిచ్చెన తీసుకురావయ్యా!”

పని మొదలైంది. వంటింట్లో ఫ్రిజ్ వెనక, ఎప్పుడూ ఆగని లైను ఒకటుంది. అక్కడి నుంచి తలుపు పైనుంచి, ముందు గది కప్పు అంచు వెంబడి గుమ్మం దాకా వైరు లాగాలి. నిచ్చెనమ్మ తన కొలత టేపు తీయబోతుంటే గౌన్లత్త మెడలో టేపు తీసి తనే గోడ కొలవడం మొదలుపెట్టింది. మొత్తం లెక్క చెప్పి, “పైన నాలుగు వేళ్ళు ఎక్కువ ఉంచు అమ్మాయ్, మడత లోపలికి పోవాలిగా,” అంది.

“వైరుకి కూడా కుట్లు విప్పుకునే వీలుండాలన్నమాట,” అన్నాడు మొగుడు.

నిచ్చెనమ్మ రెండు వైర్లు తీసి ఆమె చేతికిచ్చింది, ఒకటి సన్నది, ఒకటి లావుది. సన్నది వేస్తే అంత దూరం వెళ్ళేలోపు కరెంటు నీరసించిపోతుందని సైగలతో చెప్పబోయింది. గౌన్లత్త వేళ్ళతో రెండూ నలిపి చూసి లావుది తిరిగి ఇచ్చింది. “ఇది వెయ్యి. దుప్పటి మందం గుడ్డకి సన్న దారం వేస్తే ఎక్కడో ఒకచోట తెగుతుంది.” నిచ్చెనమ్మకు చెప్పవలసిన పని మిగల్లేదు.

గోడకు రంధ్రం పడింది. సున్నం పొడి రాలి మొగుడి నెత్తి తెల్లబడింది. గౌన్లత్త ఆ పొడి గుడ్డల మీద పడకుండా దుప్పటి కప్పి, నిచ్చెన రెండో కాలు తానే పట్టుకుంది. పైన మేస్త్రీ, కింద ఇద్దరు మనుషులు. వంటింట్లో ప్లగ్గు పెట్టకుండా, స్విచ్చే లేకుండా నేరుగా కలిపింది నిచ్చెనమ్మ. ఎవరి చెయ్యీ పొరపాటున కూడా ఆపలేదు. మధ్యలో అరచేయంత బ్యాటరీ డబ్బా ఒకటి పెట్టింది. వీధికంతటికీ కరెంటు పోయినా ఇంటర్నెట్ డబ్బానూ, బెల్లునూ, ఆ బల్బునూ మూడు గంటలు మోస్తుంది. మిషను ప్లగ్గు మాత్రం ఉన్నచోటే ఉంచింది.

అంతా అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. గౌన్లత్త దుప్పటి తీసి, చేతులు కడుక్కుని, నర్సమ్మ తెల్లగుడ్డ ముందు నిలబడింది. వీపు మిషను వైపు, బల్బు వైపు. ఎదురుగా గుడ్డ. పెదవుల మధ్య గుండుసూదులు.

అప్పుడు వీధి వైపు కెమెరాలో ఒక మనిషి కనిపించింది. భుజానికి సంచి, అలసిపోయిన నడక. నర్సమ్మ. గుమ్మం ముందు ఆగి, తలుపు కేసి అనుమానంగా చూసింది. రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్ళిన మనిషి అలాగే చూస్తుంది. వేలు ఎత్తింది, దించింది. చివరికి నొక్కింది.

బల్బు నారింజ రంగులోకి మారింది. మొదటి మిణుకు. గౌన్లత్త తలెత్తలేదు. మొగుడు ఆమె భుజం తట్టబోయాడు. నిచ్చెనమ్మ అతని మోచేతిని గిల్లి పట్టుకుంది. ఆదివారం తట్టడానికి ఇక్కడ ఎవరూ ఉండరు.

రెండో మిణుకు. కత్తెర ముందుకు కదిలింది. గుమ్మం అవతల నర్సమ్మ సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

మూడో మిణుకు. తెల్లగుడ్డ మీద, సరిగ్గా కత్తెర మొన ముందు, నారింజ రంగు వెలుగు నీళ్ళు ఒలికినట్టు పరుచుకుంది. గౌన్లత్త చెయ్యి ఆగింది. గుడ్డకు మరకంటిందేమోనని వేలితో రుద్దింది. వెలుగు పోయింది. ఆమె గిరుక్కున వెనక్కి తిరిగి ఫోను చూసింది. అందులో నర్సమ్మ మొహం ఉంది, అప్పటికే పక్కకు తిరగబోతూ.

“ఆగమ్మోయ్! వస్తున్నా, వస్తున్నా! నీ కోటే కత్తిరిస్తున్నా!”

నోట్లోంచి గుండుసూదులు నాలుగు దిక్కులా ఎగిరాయి. ఆ కేకకు బెల్లు అవసరం లేకుండానే నర్సమ్మ ఉలిక్కిపడి ఆగిపోయింది. గౌన్లత్త చెప్పులు వెతుక్కోకుండా వెళ్ళి తలుపు తీసింది.

నర్సమ్మ కోటుకు తెచ్చిన గుండీలు ఇచ్చి, టీ తాగి, బెల్లును వచ్చేటప్పుడొకసారి, వెళ్ళేటప్పుడొకసారి చూసి వెళ్ళింది. ఆమె వెళ్ళాక గౌన్లత్త నేల మీద చెదిరిన గుండుసూదులు ఏరింది. నిచ్చెనమ్మ స్క్రూడ్రైవర్లు సంచిలో సర్దుతోంది. మొగుడు జుట్టులోని సున్నం దులుపుకుంటున్నాడు.

“అమ్మాయ్, ఇటు రా,” అంది గౌన్లత్త. చెల్లెలి ఇంటి దారి ఒక గుడ్డ ముక్క మీద సుద్దతో గీసింది. రెండు మలుపులు, ఒక మందుల షాపు, మేడమీద ఇల్లు. “నువ్వు పోయే దారిలోనే. మెసేజి పెడితే నేనేదో బడాయి పోతున్నాననుకుంటుంది. నువ్వు స్వయంగా వెళ్ళి చెప్పు. బెల్లు వేసిందాన్ని నేనే, ముందు తప్పుగా వేశాను, ఇప్పుడు సరిచేశాను, మీ అక్క బుర్ర బంగారంలా ఉంది అని చెప్పు. అక్కడ ఆగిపోకు. ఆదివారం పదింటికి రమ్మను. లారీ వద్దు, ఒక్కదాన్నే వచ్చి నొక్కమను. వచ్చేటప్పుడు ఆ గది కిటికీ పొడుగు, వెడల్పు సరిగ్గా కొలుచుకుని తెమ్మను. నాకోసం ఖాళీ చేసింది కదా, దానికి మంచి తెరలు కుట్టిపెడతా. పండక్కో పబ్బానికో చుట్టంలా వెళ్ళి నాలుగు రోజులుంటా. వెళ్ళు వెళ్ళు, మళ్ళీ ఆ లారీవాడితో ఖాయం చేసేసుకుంటుంది. చెప్పేటప్పుడు కాస్త మెల్లగా చెప్పమ్మా, దానికి చెవులు బాగానే వినబడతాయి.”